విత్తుల కొట్టు – విదేశ ధనము

మా ముక్త్యాలలో ముసలమ్మలు కందివిత్తనమును బూడిదతో కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తి దాచుదురు. ఆ కుండను ఒక్క యేడు మఱచినచో పురుగే మిగులును. ఇది యెఱిగిన గృహిణులకు పటాన్‌చెరువు సంగతి తెలియుట కష్టము గాదు.

హైదరాబాదు చెంతనున్న ఆ యూర 1972లో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాలయము, ఇక్రిశాట్, వెలసినది. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ. అనగా మన వంటయింటి సరకే దాని విద్య. అచ్చటి చలిగదులలో లక్షకు పైగా విత్తన నమూనాలు గలవు. చిరకాలము నిలువవలసినవానిని సున్నకు 20 డిగ్రీల దిగువ నుంచుదురు. అయినను గింజ శాశ్వతము గాదు. మొలకశక్తిని పరీక్షించుచు, తగ్గినదానిని మరల విత్తి క్రొత్తగింజ పట్టవలయును. కందిపూవుపై తేనెటీగలు వ్రాలి రకములను కలుపును గనుక వలలు కప్పవలయును. ఒకటి రెండేండ్లు ఆపిన నేమి యనువారు సంసారము నడిపి యెఱుగరు!

ఎండుతెగులును, వెఱ్ఱితెగులును తట్టుకొను ‘ఆశ’ యను కంది 1993లో వెలువడినది ఈ కృషివలననే. జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయముతో కలిసి చేసిన జె.జి. 11 సెనగ 1999లో వచ్చి, కర్నూలు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో వ్యాపించినది.

ధనమెచ్చటిది? పలుదేశముల ప్రభుత్వములును ధర్మనిధులును ఇచ్చునదియే హెచ్చు. ఇట్టి సంస్థల కూటమికి పెద్ద దాతలలో అమెరికా యొకటిగా నుండెను. 2025 జనవరి 20న ఆ దేశాధ్యక్షుడు విదేశాభివృద్ధి సహాయమును 90 దినములు నిలుపుమని యాజ్ఞాపించెను; జూలై 1 నాటికి దానిని పంచుచుండిన యుఎస్‌ఎయిడ్ శాఖయే మూతపడినది. మావారు పత్రిక చదివి వినిపించగా నాకు కందికుండయే తలపునకు వచ్చినది. దాతలలో పలువురు క్రొత్త రకమును కనిపెట్టుటకు ఇత్తురు గాని, కొట్టునకు కాపలా కాయుటకు, విద్యుత్తు ఖర్చునకు ఈయ నుత్సహింపరు. పెండ్లికి కట్నములు చదివించువారు నెలనెలా బియ్యము పంపుదురా?

మనదేశపు సంస్థలకు కట్టుబాట్లు వేఱు. 2020 సవరణ చట్టము ప్రకారము విదేశ విరాళము ఢిల్లీలోని స్టేట్‌బ్యాంకు ప్రధానశాఖ ఖాతాలోనికే రావలయును. పొందిన సంస్థ దానిని మఱియొక సంస్థకు పంచరాదు. లెక్క యడుగుట న్యాయమే. కాని పెద్ద పరిశోధనాలయము చిన్న సంస్థను చేర్చుకొని విదేశ ధనముతో పని నడుపు త్రోవ దీనితో మూసికొనిపోయినది. ఇది నాకు సరిగా దోచలేదు.

ఇక్రిశాట్ విత్తుల ప్రతులు నార్వేదేశపు స్వాల్‌బార్డులో, మంచుకొండ లోపల భద్రముగా నున్నవి. వానిని వెలికి తెచ్చినను, చేన విత్తుటకు మనుష్యులుండవలయును గదా!