ఏడు నెలల దూరంలో కొట్టు

పిల్లలూ! మీ అమ్మ మీ తమ్ముణ్ణి కందిపప్పు తెమ్మని కొట్టుకు పంపితే వాడు పెసరపప్పు పట్టుకొచ్చాడనుకోండి. "ఇది కాదురా!" అని మళ్ళీ పంపుతుంది. అయిదు నిమిషాల్లో తప్పు సరిపోతుంది. ఆ కొట్టు ఏడు నెలల ప్రయాణమంత దూరంలో ఉంటే?

లండనులోని ఈస్టిండియా కంపెనీకి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. 1611 మొదట్లో లండను విడిచిన గ్లోబ్ అనే ఓడ ఆగస్టు నెలలో మన మచిలీపట్నం చేరింది. అందులో వచ్చినవాళ్ళు అక్కడ వర్తకశాల పెట్టారు. (ఈ కంపెనీ తరువాత మన నెత్తికెక్కి కూర్చున్న కథ మీ చరిత్ర పుస్తకంలో ఉన్నది. ఇప్పుడు మనకు కావలసింది దాని బేరం సంగతి.)

ఇంగ్లండు నుంచి తేగలిగిన సరుకు ముఖ్యంగా ఉన్నిబట్ట. మచిలీపట్నం ఎండల్లో ఉన్ని కట్టేదెవరు? అందుచేత కంపెనీవాళ్ళు వెండి తెచ్చి మన నూలుబట్టలు కొన్నారు. వాటిని జావా దీవిలోని బాంటం రేవుకు తీసుకుపోయి మిరియాలు కొన్నారు. తమ దేశంలో కూడా మన అద్దకపు దుప్పట్లు అమ్మజూచారు. అక్కడ ఒక తమాషా జరిగింది. మన అద్దకంవాళ్ళు బట్టంతా ముదురెరుపు చేసి దానిమీద పూలు తీర్చేవారు. (మచిలీపట్నం వైపు ఈ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు.) లండనువాళ్ళకు ఆ ఎరుపు అంతగా నచ్చలేదు. 1643లో కంపెనీ యజమానులు సూరతులోని తమ ఉద్యోగులకు ఉత్తరం రాశారు: తెలుపు ఎక్కువగా ఉండాలి, పూలూ కొమ్మలూ మధ్యన రంగుల్లో ఉండాలి అని.

సరే, ఆ ఉత్తరం రావడానికే నెలలు పడుతుంది. తరువాత అద్దకం వేయించాలి, ఓడ కోసం కాచుకోవాలి, అనుకూలమైన గాలి వీచాలి. దుప్పటి అడిగినవాడి చేతికి అందేసరికి రెండేళ్ళయినా ఆశ్చర్యం లేదు. అంతకాలం వాడి మోజు మారకుండా ఉంటుందా?

మనుషులతో వ్యవహారం ఇంకా కష్టం. వచ్చిన ఉద్యోగులకు తెలుగు రాదు, నేతగాళ్ళకు ఇంగ్లీషు రాదు. మధ్యన దుబాసీ ఉండేవాడు. దుబాసీ అనగా రెండు భాషలు తెలిసినవాడు. అతడు చెప్పిందే ఇద్దరికీ వేదం! ఇక జీతం సంగతి. ఆ శతాబ్దం చివరి భాగంలో కొత్తగా చేరిన రైటరుకు, అంటే గుమాస్తాకు, ఏడాదికి 10 పౌన్లు. ప్రాణాలకు తెగించి సముద్రాలు దాటి వచ్చినవాడికి అది ఏ మూలకు? అందువల్ల చాలామంది కంపెనీ పని చేస్తూనే సొంత బేరాలు సాగించారు. యజమానులు ఒకప్పుడు వద్దన్నారు, ఒకప్పుడు చూచీ చూడనట్టు ఊరుకున్నారు. నన్నడిగితే, అర్ధాకలి జీతమిచ్చిన వాళ్ళదే సగం తప్పు.

పోనీ, ప్రతిదానికీ లండనును అడిగి చేద్దామన్నా కుదరదు. నెల్లూరు తీరాన, నేటి దుగరాజపట్నం దగ్గర, ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగి ఉండేవాడు. దక్షిణాన ఒకచోట బట్ట నూటికి 20 వంతులు చౌక అని అతనికి తెలిసింది. 1639లో అక్కడి తెలుగు ప్రభువు దామెర్ల వెంకటాద్రి నాయకుని దగ్గర కౌలు సంపాదించాడు. లండను అనుమతి తెప్పించాలంటే ఏడాది దాటుతుంది. అంతదాకా బేరం ఆగుతుందా? మచిలీపట్నంలో పెద్ద అధికారి అయిన ఆండ్రూ కోగన్ ధైర్యం చేశాడు. 1640 ఫిబ్రవరిలో ఇద్దరూ మనుషులతో సహా అక్కడికి వెళ్ళి కోట కట్టడం మొదలుపెట్టారు.

ఖర్చు సంగతి తెలిసి లండను యజమానులు మండిపడ్డారు, సంజాయిషీ అడిగారు. కాని వాళ్ళ కోపం సముద్రం దాటి వచ్చేసరికి కోటగోడలు లేచే ఉన్నాయి, చుట్టూ నేతగాళ్ళు కాపురాలు పెట్టుకుంటున్నారు. ఆ ఊరే నేటి చెన్నై.