మౌనమునకొక ఋతువు

తెలుగు కతోలిక క్రైస్తవుల వాడుకలోనున్న రెండు మాటలు భాషాభిమానులకు మిక్కిలి ఆసక్తి గొలుపునట్టివి. ఈస్టరు పండుగకు ముందు వచ్చు నలువది దినముల దీక్షాకాలమును వారు తపస్సు కాలమందురు. ఆ కాలము మొదలగు దినమును విభూతి బుధవారమందురు. ఆనాడు గురువు భక్తుల నొసట బూడిదతో సిలువగుర్తునుంచి, మానవదేహము మంటినుండి వచ్చి మంటిలో కలియునదని జ్ఞప్తి చేయును. వెనుకటి యేటి మట్టల ఆదివారమునాడు ఆశీర్వదించి పంచిన మట్టలను కాల్చి ఆ బూడిదను సిద్ధపరచుట ఆచారము. పాలస్తీనాలో పుట్టిన మతమునకు చెందిన ఒక ఆచారమునకు పేరు పెట్టవలసి వచ్చినపుడు తెలుగువాడు క్రొత్తమాట వెదకికొనలేదు. తన యింట చిరకాలముగా నున్న తపస్సు, విభూతి అను మాటలనే తీసి యిచ్చినాడు. మాటలు కుదిరినవి. ఏలయన ఆ కాలమున జరుగు పనియు మనకు క్రొత్తది కాదు. కొంతకాలము నోరు కట్టుకొని, ఆకలి కట్టుకొని, తన్ను తాను చూచుకొనుటయే ఆ పని.

కతోలిక సంవత్సరము జనవరితో మొదలు కాదు. క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారముల ఆగమన కాలముతో మొదలగును. అది నిరీక్షణకు కాలము. పిమ్మట క్రీస్తు జయంతి కాలము, కొన్ని వారముల సామాన్య కాలము, తపస్సు కాలము, ఈస్టరు మొదలు పెంతెకోస్తు వరకు ఏబది దినముల పాస్కా కాలము, మరల సామాన్య కాలము - ఇట్లు ఏడాది తిరుగును. పూజావస్త్రముల వన్నె కూడ కాలముతో మారుచుండును. ఆగమన తపఃకాలములకు ఊదా, జయంతి పాస్కా కాలములకు తెలుపు, సామాన్య కాలమునకు ఆకుపచ్చ. ఈస్టరు తేదీని నిర్ణయించుటలో చంద్రునికిని పాలు కలదు. మార్చి 21వ తేదీన గాని ఆ తరువాత గాని పట్టికల లెక్క ననుసరించి వచ్చు పున్నమను చూచి, దాని తరువాతి ఆదివారమున పండుగ చేయుదురు. పంచాంగము చూచి పండుగలు చేసికొను తెలుగువారికి ఈ లెక్క వింత కాదు. విభూతి బుధవారము మొదలు ఈస్టరునకు ముందటి శనివారము వరకు 46 దినములు. ఉపవాసము లేని ఆరు ఆదివారములను తీసివేయగా 40 మిగులును. క్రీస్తు అరణ్యమున ఉపవసించిన దినములు నలువదియని సువార్తలు చెప్పును.

ఈ కాలములలో, ముఖ్యముగా ఆగమన తపఃకాలములందు, భక్తులు తమ పనులను చాలించి, కొన్ని దినములు ఒక మఠమునందో ధ్యానగృహమునందో మౌనముతో గడుపుట కలదు. దీనికి రిట్రీటని పేరు. ఆ మాటకు వెనుకకు తగ్గుట యని అర్థము. ఓడిన సేన రణరంగమునుండి తొలగుటకును ఇదే మాట వాడుదురు. అందుచేత ఒక సందేహము సహజముగనే కలుగును. ఇంటిలో వృద్ధులైన తలిదండ్రులుండగా, బడిలో పిల్లలుండగా, పొలములో పని నిలిచియుండగా మౌనమునకై తొలగిపోవుట కర్తవ్యమునుండి పారిపోవుట కాదా? ఈ ప్రశ్నకు సమాధానము 16వ శతాబ్దపు ఒక యోధుని జీవితమునను, అతడు వ్రాసిన చిన్న గ్రంథమునను దొరకును.

లొయోలా ఇగ్నేషియస్ 1491లో స్పెయిను దేశపు ఉత్తరభాగమున బాస్కు ప్రభు కుటుంబమున జన్మించెను. యౌవనమున అతనికి ఆయుధములు, రాజసభలు, సొగసైన దుస్తులు, ఇవియే ప్రీతి. 1521 మే 20వ తేదీన పాంప్లోనా కోటను ఫ్రెంచివారి ముట్టడినుండి కాపాడుచుండగా ఫిరంగిగుండు తగిలి అతని కాలొకటి విరిగెను, రెండవదియు గాయపడెను. ఎముక సరిగా అతుకుకొనక పైకి పొడుచుకొని వచ్చెను. బిగుతైన బూటు తొడుగుకొనుటకు అది అడ్డమని, ఆ భాగమును రంపముతో కోయించుకొనెను. మత్తుమందు లేని కాలమది. వేషముపై అతనికంత మమకారము.

మంచము పట్టిన నెలలలో ప్రొద్దుపోవుటకు వీరగాథలు కావలెనని అతడడిగెను. ఆ యింట అవి లేవు. ఉన్నవి సాక్సనీ లుడోల్ఫు రచించిన క్రీస్తు చరిత్రయు, పునీతుల కథాసంపుటియు మాత్రమే. గత్యంతరము లేక వానినే చదివెను. నడుమ నడుమ పుస్తకము మూసి, ఒకప్పుడు తాను సేవింపగోరిన ఒక గొప్పయింటి కాంతను, ఆమెకై చేయదలచిన సాహసములను తలచుచుండెను. మరియొకప్పుడు ఆ పునీతులవలె తానేల జీవింపరాదని తలచుచుండెను. రెండు తలపులును ఉన్నంతసేపు హాయిగనే యుండెను. కాని మొదటిది పోయిన పిమ్మట మనస్సు ఎండినట్లుండెను. రెండవది పోయిన పిమ్మటను సంతోషము నిలిచియుండెను. ఈ భేదము అతని దృష్టికి వచ్చెను. తలపును, అది ఉన్నప్పటి రుచిచేత గాక, పోయిన తరువాత మిగిల్చినదానిచేత పరీక్షింపవలెనని అతడు తెలిసికొనెను. తరువాతి కాలపు అతని బోధయంతయు ఈ చిన్న పరిశీలనపై నిలిచియున్నది.

1522 మార్చిలో, తపస్సు కాలమునందే, అతడు మోన్సెరాట్ కొండమీది మరియమాత మందిరమునకు వెళ్లెను. 24వ తేదీ రాత్రి, మంగళవార్త పండుగకు ముందటి రాత్రి, జాగరణము చేసి తన ఖడ్గమును అచ్చట విడిచెను. మంచిబట్టలను ఒక బిచ్చగానికిచ్చి ముతకబట్ట కట్టుకొనెను. ఆ బట్టలు దొంగిలించినవని యనుమానించి అధికారులు బిచ్చగానిని పట్టుకొన్నారని వినినపుడు ఇగ్నేషియస్ కన్నీరు పెట్టుకొనెను. తాను చేసిన దానమే ఒక నిరపరాధికి కష్టము తెచ్చినది. మంచి చేయవలెనను ఉత్సాహమొక్కటే చాలదని అతనికి కలిగిన మొదటి పాఠములలో అది యొకటి.

రెండవ పాఠము మన్రేసాలో కలిగెను. ఆ యూరిలో కొన్ని దినములుండదలచి అతడు ఇంచుమించు పదునొకండు నెలలు గడపెను. దినమునకు ఏడు గంటలు మోకాళ్లపై ప్రార్థించెను. బిచ్చమెత్తి తినెను. జుట్టు, గోళ్లు పెరుగనిచ్చెను. కొన్ని నెలలకు క్రొత్తశాంతి రాకపోగా ఉన్న శాంతియు పోయెను. పాపములనెన్నిమారులు ఒప్పుకొన్నను ఏదియో మిగిలిపోయినదను శంక పట్టి పీడించెను. గదిలోని గుంటలో దూకి ప్రాణము తీసికొనవలెనను తలపు కూడ వచ్చెను. దేవుడు శాంతినిచ్చు వరకు భుజింపనని ఒక వారము ఆహారము ముట్టలేదు. పాపసంకీర్తనము వినిన గురువు ఆజ్ఞాపించినపిమ్మటనే భుజించెను. క్రమముగా ఆ శంకలు తన్ను మంచికి తీసికొనిపోవునవి కావని గ్రహించి విడిచిపెట్టెను. గోళ్లు తీసికొనెను, జుట్టు కత్తిరించుకొనెను. తరువాత అతడు వ్రాసిన నియమములలో ఉపవాసజాగరణములకు మితము విధించుటకును, శంకాపీడితులకు ప్రత్యేకముగ సూచనలు చేయుటకును వెనుక ఈ యనుభవమున్నది. తాను పడిన గోతివద్ద ఇతరులకై అతడు గుర్తు పాతిపెట్టెను.

మన్రేసాలో వ్రాయనారంభించిన గమనికలే సంవత్సరముల తరబడి పెరిగి ఆధ్యాత్మిక సాధనలను గ్రంథమయ్యెను. 1548 జూలై 31న పోపు మూడవ పౌలు దానిని ఆమోదించెను. అది చదివి ఆనందించు గ్రంథము కాదు; చేయవలసిన గ్రంథము. నడకయు పరుగును దేహమునకెట్లో ఇవి ఆత్మకట్లని దాని ఆరంభమున కలదు. సాధన నాలుగు వారములుగా విభజింపబడినది. వారమనగా ఏడు దినములే కానక్కరలేదు. సాధకుని స్థితినిబట్టి హెచ్చవచ్చును, తగ్గవచ్చును. అన్నియు కలసి సుమారు 30 దినములు. మొదటి వారము స్వదోషపరిశీలనము. రెండవది క్రీస్తు జననము మొదలు యెరూషలేము ప్రవేశము వరకు. మూడవది సిలువ శ్రమలు. నాలుగవది పునరుత్థానము. సంవత్సరచక్రముతో పోల్చినచో తపస్సు కాలపు పశ్చాత్తాపము, జయంతి కాలపు ఆనందము, పవిత్ర వారపు దుఃఖము, పాస్కా కాలపు వెలుగు, అన్నియు ఇందు కలవు. ఊరంతయు కలసి ఏడాది పొడవున నడచు దారిని ఒక్క మనుష్యుడు నెలదినములలో నడచునని చెప్పవచ్చును.

ధ్యానము చేయు పద్ధతియు తెలుగు విద్యార్థులకు సులభముగ బోధపడునట్టిది. సాధకుడు మొదట ఆ ఘట్టము జరిగిన చోటును మనస్సున కట్టుకొనవలెను. దారి పొడవెంత, గుహ ఎత్తెంత, అచ్చట ఎవరున్నారు, ఏమి మాటలాడుచున్నారు - ఇవన్నియు కనవలెను, వినవలెను. జరిగిపోయినదానిని కన్నులయెదుట నున్నట్లు వర్ణించుటను మన ఆలంకారికులు భావికమనిరి. కవి పాఠకునికై చేయు ఆ పనిని ఇచ్చట సాధకుడు తనకై తానే చేసికొనును. చివర మిత్రునితో మిత్రుడు మాటలాడినట్లు దేవునితో మాటలాడవలెను. ఒక్కొక్క ధ్యానమునకు ఒక గంట కాలము. మనస్సు లగ్నము కానినాడు గంటకు ముందే లేవరాదు. పైగా మరికొంతసేపు కూర్చుండవలెను. మనస్సు క్రుంగియున్నపుడు పూర్వనిశ్చయములను మార్చుకొనరాదు. ఉత్సాహము పొంగియున్నపుడు తొందరపడి మ్రొక్కులు మ్రొక్కరాదు.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగ చూడదగినది మార్గదర్శికి విధించిన నియమములలో కలదు. ధ్యానవిషయమును అతడు క్లుప్తముగ చెప్పి ఊరకుండవలెను. విస్తరించి చెప్పుటకంటె, సాధకుడు తానై ఒక చిన్న అర్థము కనుగొనుటలో రుచియు ఫలమును ఎక్కువ. విషయములనేకము తెలిసినంత మాత్రమున ఆత్మ తృప్తిపడదు. ఒకదానిని లోపలికి దిగి చవిచూచినచో తృప్తిపడును. సాధకుడు జీవితమార్గమును ఎన్నుకొను సమయమున మార్గదర్శి అతనిని ఇటుగాని అటుగాని త్రిప్పరాదు. త్రాసుముల్లువలె నడుమ నిలువవలెను. బోధించుటకు సమర్థుడైనవాడు మాటలను అణచికొనుట సులభము కాదు. తరగతిగదిలో ప్రతి పద్యమునకును అర్థమంతయు తానే చెప్పివేయు అయ్యవారికి ఈ నియమముయొక్క కాఠిన్యము తెలియును.

ఇగ్నేషియస్ తానును శిష్యుడై కూర్చున్నాడు. పరులకు తోడ్పడవలెనన్న చదువు కావలెనని నిశ్చయించుకొని, ముప్పది యేండ్లు దాటిన వయస్సున, 1524 మొదలు బార్సిలోనాలో లాటిను వ్యాకరణము చదువనారంభించెను. విభక్తులు వల్లించుటకు కూర్చున్నంతనే గొప్ప గొప్ప భక్తిభావములు పొంగివచ్చి పాఠమును చెరుపుచుండెను. ప్రార్థన సమయమున రాని ఇంతటి భావములు పాఠము నడుమనే ఏల వచ్చుచున్నవని అతడు విచారించి, ఇదియు ఒక మోసమేయని తేల్చుకొనెను. గురువు పాదములకడ కూర్చుండి, తినుటకు రొట్టెయు త్రాగుటకు నీరును దొరకినంతకాలము ఆ రెండేండ్లును పాఠము తప్పనని మాట యిచ్చెను. పవిత్రమైన తలపు కూడ చేయవలసిన పనిని చెరిపినచో దానిని నమ్మరాదని దీని తాత్పర్యము.

ఆనాటి అధికారులకు ఈ పద్ధతిపై అనుమానము కలుగకపోలేదు. గురుపట్టము లేని ఒక సామాన్యుడు జనులకు ధ్యానము నేర్పుటయా యని అల్కలాలోను, 1527లో సలమాంకాలోను అతనిని చెరసాలలో నుంచి విచారించిరి. బోధలో దోషము కానరాలేదు. అయినను చదువు ముగియువరకు కొన్ని విషయములు చెప్పరాదని ఆంక్షలు విధించిరి. అతడు పారిసు వెళ్లి చదువు సాగించెను. అచ్చట అతని సహాధ్యాయులై, అతనివలన ఈ సాధనలను పొందినవారిలో ఫ్రాన్సిసు జేవియరొకడు. మౌనమున నెలదినములు కూర్చున్న ఆ విద్యార్థియే 1542 మే 6న గోవా రేవున దిగెను. దక్షిణదేశపు ముత్యాల తీరమున జాలరుల నడుమ తిరిగెను. ఏకాంతము అతనిని గదిలో బంధింపలేదు.

పారిపోవుట కాదా యను మొదటి ప్రశ్నకు గ్రంథముననే సమాధానము కలదు. లోకవ్యవహారములు విడువరానివారు ఇల్లు విడువనక్కరలేదు; దినమునకు గంటన్నర కేటాయించి, అనేక దినములలో ఆ సాధననే పూర్తిచేయవచ్చునని 19వ సూచన చెప్పుచున్నది. అనగా స్థలమును విడుచుట సాధనము మాత్రమే. తన్ను తాను ఎదుర్కొనుటయే ప్రధానము. పెద్దపదవులలోనున్నవారికిని ఇది తప్పలేదు. 1929లో పోపు పదునొకండవ పయస్ వాటికను కార్యాలయములలో పనిచేయువారికి ప్రతి సంవత్సరము ఏకాంత ధ్యానమును ఏర్పరచెను. నేడది తపస్సు కాలారంభమున జరుగుచున్నది.

తపస్సు కాలపు పాఠములు కూడ ఈ విషయమున మెలకువ కలిగించునట్టివే. విభూతి బుధవారమునాడు చదువు సువార్తలో ప్రార్థన, ఉపవాసము, దానము మూడును కలసియే వచ్చును. మూడింటిని కూడ నలుగురు చూచుటకై చేయరాదని హెచ్చరిక కలదు. తరువాతి శుక్రవారము చదువు యెషయా ప్రవచనము మరింత కఠినమైనది. కూలివారిని పీడించుచు చేయు ఉపవాసమును అది నిరాకరించును. బంధింపబడినవారిని విడిపించుట, ఆకలిగొన్నవానికి అన్నము పంచుట, ఇల్లు లేనివానిని ఇంటికి తెచ్చుట, వీనినే నిజమైన ఉపవాసమనును.

కావున మౌనదినములు మంచివగునో కావో ధ్యానగృహమున తేలదు. ఇగ్నేషియస్ మంచముమీద నేర్చుకొన్న పరీక్షయే ఇచ్చటను వర్తించును; గడచిపోయిన పిమ్మట ఏమి మిగిలినదని చూడవలెను. తిరిగి వచ్చినవాడు ఇంటివారితో మాటలాడు తీరు, కూలివానికి లెక్క కట్టు తీరు, మందబుద్ధియైన విద్యార్థికి పాఠమును రెండవమారు చెప్పు తీరు - తీర్పు వీనియందున్నది. నొసటి విభూతి ఆ సాయంకాలమునకే చెరిగిపోవును. తపస్సు మాత్రము మరునాటి ఉదయము పనిలోనికి పోవువేళ మొదలగును.