పళ్ళకు గార పట్టకుండా ఉండాలంటే



పంటి మురికికి మన తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి పాచి, రెండోది గార. ఇంట్లో రెండింటినీ కలిపేసి వాడేస్తూంటాం గానీ, అవి రెండూ ఒకటి కావు. పాచిని మన చేత్తో మనమే తీసుకోగలం. గారను తీసుకోలేం. ఈ ఒక్క తేడా గ్రహిస్తే పళ్ళను కాపాడుకోవడంలో సగం తెలిసినట్టే.

ముందు పాచి సంగతి చూద్దాం. పొద్దున్న లేవగానే నాలుకతో పళ్ళను తడిమితే జిగటగా తగులుతుందే, అదే పాచి. అది తిన్న అన్నం మెతుకుల మురికి మాత్రమే అనుకోకండి. అందులో ఎక్కువ భాగం కంటికి కనిపించని సూక్ష్మజీవులే. హాలండులో లేవెన్‌హుక్ అనే ఆయన 1683లో తన పళ్ళ సందుల్లోని తెల్లటి పదార్థాన్ని గీకి, తాను స్వయంగా తయారు చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో చిన్న చిన్న ప్రాణులు చురుగ్గా కదులుతూ కనిపించాయి. ఆయనేమీ పళ్ళు తోమని మనిషి కాడు, రోజూ ఉప్పుతో శుభ్రంగా రుద్దుకునేవాడే. అంటే ఎంత శుభ్రమైన నోట్లోనైనా పాచి పుడుతూనే ఉంటుందన్నమాట. తోముకున్న కొన్ని గంటలకే మళ్ళీ మొదలవుతుంది.

మరి గార ఎలా వస్తుంది? బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కట్టడం మీరందరూ చూసే ఉంటారు. నీళ్ళలోని లవణాలు అలా పేరుకుంటాయి. మన లాలాజలంలోనూ కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. తియ్యకుండా వదిలేసిన పాచిలోకి అవి చేరి, దాన్ని రాయిలా మార్చేస్తాయి. రెండు మూడు రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది. రెండు వారాలు గడిచేసరికి బ్రష్షుకు లొంగదు. కొందరికి త్వరగా, కొందరికి నెమ్మదిగా, అంతే తేడా.

ఒకసారి అద్దం ముందు నిలబడి చూసుకోండి. కింది వరుస ముందు పళ్ళకు లోపలివైపు, పై దవడ పళ్ళకు బుగ్గవైపు పసుపుగానో, గోధుమరంగుగానో గట్టి పొర ఉంటే అది గారే. లాలాజలం ఊరే గ్రంథుల నాళాలు సరిగ్గా అక్కడే తెరుచుకుంటాయి. అందుకే అక్కడ ముందు పడుతుంది. అయితే పంటి మీద మచ్చలన్నీ గార కావు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్ళు తాగి పెరిగినవారి పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. అవి పన్ను తయారయ్యేటప్పుడే పడినవి. ఎంత రుద్దినా పోవు. పాపం, పిల్లల్ని తిట్టకండి.

గార గరుగ్గా ఉంటుంది గనుక దాని మీద కొత్త పాచి సులువుగా నిలుస్తుంది. ఆ పాచికి చిగురు ఎర్రబడి, వాచి, తోముకునేటప్పుడు రక్తం వస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? భయపడి ఆ వైపు తోమడం మానేస్తాం. చెయ్యకూడనిది అదే! 1965లో డెన్మార్కులో హరాల్డ్ లో అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు పన్నెండు మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోమడం మాన్పించి చూశారు. మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టించగానే కొద్ది రోజుల్లోనే తగ్గిపోయాయి. కాబట్టి రక్తం వస్తోందంటే మెత్తటి బ్రష్షుతో ఇంకా శ్రద్ధగా తోమమని అర్థం. వారం పది రోజులైనా తగ్గకపోతే పళ్ళ డాక్టరుకు చూపించాలి. అశ్రద్ధ చేస్తే వాపు లోపలికి దిగి, పన్నును పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. వాచిన చిగురు కోలుకుంటుంది గానీ, కరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. పుచ్చు లేని పళ్ళు కూడా కదిలి ఊడిపోయేది ఇందుకే. చక్కెర వ్యాధి ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

గర్భిణుల మాట కూడా చెప్పాలి. కాన్పుకో పన్ను పోతుందని కొందరు అంటూంటారు. కడుపులోని బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాక్కోదు. ఆ నెలల్లో శరీరంలో జరిగే మార్పుల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు వాస్తాయి. అంచేత పళ్ళు తోమడం మానకండి. నెల తప్పిన సంగతి డాక్టరుకు చెప్పి శుభ్రం చేయించుకోవచ్చు.

ఇక తోముకునే పద్ధతి. బ్రష్షు మెత్తగా ఉండాలి. దాన్ని పన్ను, చిగురు కలిసే చోట ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో తోమాలి. అంట్లు తోమినట్టు బలంగా అడ్డంగా రుద్దితే పన్ను అరుగుతుంది, చిగురు దిగిపోతుంది. కింది ముందు పళ్ళ లోపలివైపు బ్రష్షును నిలువుగా పట్టుకోండి. మొత్తానికి రెండు నిమిషాలు పట్టాలి. పేస్టులో ఫ్లోరైడు ఉండాలి. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. పళ్ళ సందుల్లోకి బ్రష్షు వెళ్ళదు. దానికి ప్రత్యేకమైన దారం, సన్నటి బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. పిన్నీసులు, చీపురుపుల్లలు పెట్టకండి.

బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చిక తెల్లగా చేస్తాయనిపిస్తుంది గానీ, పంటిపై పింగాణీని అరగదీస్తాయి. నిమ్మచెక్కతో రుద్దితే పులుపుకు ఆ పింగాణీయే కరుగుతుంది. గార తగ్గిస్తుందని చెప్పే పేస్టులు కొత్తది పట్టడాన్ని కొంత ఆపుతాయే తప్ప ఉన్నదాన్ని ఊడదియ్యవు. పట్టిన గారను డాక్టరు పనిముట్లతో తియ్యవలసిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. గార పోయిన చోట సందు కనిపిస్తుంది, నాలుగు రోజులు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. అంతే.

చివరిగా ఒక్క మాట. మనలో చాలామంది పొద్దున్నే తోముకుని, రాత్రి నోరు పుక్కిలించి ఊరుకుంటాం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది గనుక పాచికి ఎదురుండదు. అంచేత రాత్రి తోముకోవడమే ముఖ్యం. పిల్లలకు పాలిచ్చి, వంటిల్లు కడిగి, పొద్దుటికి పప్పు నానబోసి, ఆఖరున ఒళ్ళు తూలిపోతూ పడుకునేది మీరే. ఆ రెండు నిమిషాలు వదిలేసేది కూడా మీరే. సింకులో ఎంగిలి గిన్నె ఉంటే మీకు నిద్ర పట్టదు కదా? మీ నోటికీ ఆ మర్యాద ఇవ్వండి. మీరు తోముకుంటూంటే చూసి పిల్లలూ నేర్చుకుంటారు.