జల్లు వచ్చు త్రోవ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలందురు. కాని కట్టిన యింటి గుట్టు బయటపడునది గాలివాన నాడే. నిలువుగా కురియు వానకు ఏళ్ల తరబడి చెమ్మగిల్లని కిటికీ, ఈదురుగాలితో వచ్చిన జల్లుకు ఒక్క రాత్రిలో ఓడిపోవును. తెల్లవారునప్పటికి కిటికీ క్రింది బల్లమీద పుస్తకములు తడిసి ముద్దయి యుండును. ఇంటివారు చేతికందిన సిమెంటుతో కనబడిన పగులునెల్ల పూడ్చివేయుదురు. మరుసటి తుపానుకు నీరు మరల వచ్చును. లోపము పూడ్చుటలో లేదు; నీరు వచ్చిన త్రోవను కనుగొనకపోవుటలో నున్నది.

రెండు మిల్లీమీటర్ల వ్యాసము గల చినుకు సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగముతో నేలకు దిగును. గాలియు అంతే వేగముతో, అనగా గంటకు 23 కిలోమీటర్ల వేగముతో, వీచినచో ఆ చినుకు 45 డిగ్రీల వాలున వచ్చును. అప్పుడు ఒకటిన్నర అడుగుల ఛజ్జా తన క్రింద ఒకటిన్నర అడుగుల మేర మాత్రమే కాపాడగలదు. నాలుగడుగుల కిటికీలో తక్కిన రెండున్నర అడుగులు వానపాలే.

చినుకు కిటికీని తాకుట ఒక యెత్తు, లోనికి చొచ్చుట మరియొక యెత్తు. కొబ్బరిబోండములో గొట్టముంచి పీల్చినపుడు నీరు పైకెక్కుటకు కారణము ఒత్తిడిలోని భేదము. గాలివాన నాడు జరుగునదియు అదే. బయట ఒత్తిడి హెచ్చు, లోపల తక్కువ. గంటకు 60 కిలోమీటర్ల గాలి తనకు ఎదురుగా నున్న కిటికీ సందులో నీటిని సుమారు 17 మిల్లీమీటర్ల యెత్తునకు నెట్టగలదు. వేగము మూడింతలైనచో ఒత్తిడి తొమ్మిదింతలగును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపానులో గాలి గంటకు 170 నుండి 180 కిలోమీటర్ల వేగమునందుకొన్నది. 180 కిలోమీటర్ల గాలికి నీరు 15 సెంటీమీటర్లకు పైగా ఎక్కగలదు. కొద్ది సెంటీమీటర్ల గట్టు గల జారుడు కిటికీ దాని ముందు ఎట్లు నిలువగలదు?

ఇక నీటికి మరియొక గుణము కలదు. నిండు చెంబును మెల్లగా వంచిన నీరు ధారగా పడక, చెంబు అడుగును అంటి ప్రాకును. ఛజ్జా అంచున దిగిన నీరును అట్లే అడుగు భాగమును పట్టుకొని గోడకు చేరును. అందులకే అనుభవజ్ఞుడైన తాపీమేస్త్రి ఛజ్జా అడుగున, అంచుకు సమీపముగా, సన్నని గాడి తీయును. నీరు ఆ గాడిని దాటలేక అచ్చటనే రాలిపోవును. తరువాతివారు సున్నముతోనో రంగుతోనో ఆ గాడిని పూడ్చినచో నీటికి వంతెన కట్టినట్లే.

త్రోవను కనుగొను పద్ధతి సులభమే గాని ఓర్పు కావలెను. వాన వెలిసిన వెంటనే తడిమరక అంచును పెన్సిలుతో గుర్తింపవలెను. గోడలు ఆరిన పిదప ఒకరు లోపల దీపముతో నిలువగా, వేరొకరు బయట గొట్టముతో నీరు మెల్లగా పోయవలెను. సమీపమున విద్యుత్ స్విచ్చులున్నచో ముందుగా మెయిను ఆపవలెను. మొదట గడప, తరువాత ప్రక్కలు, చివరకు పైభాగము. ఒక్కొక్కచోట పది నిమిషములైన ఆగవలెను. పైనుండి ఆరంభించినచో నీరు అన్నిటిపైనను పారును గనుక దోషి ఎవరో తేలదు.

దోషమును బట్టియే చికిత్స. గడప లోపలికి వాలియున్నచో బయటికి వాలునట్లు దిద్దవలెను. అల్యూమినియము చట్రము అడుగున నున్న చిన్న రంధ్రములు చేరిన నీటిని బయటికి పంపుటకే యున్నవి. వానిని చీపురుపుల్లతో శుభ్రపరుపవలెనే గాని మూయరాదు. కొయ్య చెమ్మకు ఉబ్బి ఎండకు కుదించుకొనును, అల్యూమినియము వేడికి పెరుగును. కావున చట్రమునకు, గోడకు నడుమనున్న సందులో బిరుసైన సిమెంటు నిలువదు. పాతదానిని గీకి, బాగుగా ఆరిన పిదప సాగు గుణము గల సిలికాను నింపవలెను. అద్దము చుట్టు బీటలువారిన పుట్టీని తీసి, సుద్దపొడి, అవిసెనూనె కలిపిన క్రొత్త పుట్టీ పెట్టవలెను.

ఇది పుస్తకములు తడియుటతో ముగియు చిక్కు కాదు. కిటికీ తలమీది కాంక్రీటులోని యినుపచువ్వలకు చెమ్మ సోకినచో త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె హెచ్చు చోటును కోరును గనుక కాంక్రీటు పగిలి పెచ్చులూడును. తరగతి గదిలో ఆ కిటికీ ప్రక్కనే పిల్లలు కూర్చుందురు. గోడపై చిన్న మరక కనబడిన నాడే దానిపై వెల్లవేసి మరచుట తగదు. ఒక బకెట్టు నీరు, ఒక పెన్సిలు, ఒక పూట ఓర్పు ఉన్నచో ఆ మరక ఎచ్చటినుండి వచ్చినదో విద్యార్థులే కనుగొనగలరు.