నాలుగు సాంచాలతో మొదలు

రోజులు బాగాలేనప్పుడు కొత్త పనిలోకి దిగేవాళ్లకు మన దగ్గర దొరికే సలహా ఒక్కటే: తెగించు. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల తెలుగు నేత కుటుంబాలను చూస్తే ఆ సలహా మీద నమ్మకం సడలుతుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు దశాబ్దాల కిందటే అక్కడికి బతుకుదెరువు కోసం పోయారు. చేమగ్గానికి గిరాకీ తగ్గి, అప్పు పెరిగి, ఊళ్లో నిలదొక్కుకోలేక వెళ్లారు. దాన్ని సాహసమనడం మనకు బాగుంటుందేమో గానీ వాళ్లకు అన్యాయం. అలా కూలికి పోయినవాళ్లలోనే కొందరు తర్వాత సాంచాల (మరమగ్గాల) యజమానులయ్యారు.

వాళ్లకు కలిసొచ్చింది ఆ ఊరి వ్యాపారం తీరు. నష్టపోయినా కుటుంబం మునగనంత చిన్నగా మొదలుపెట్టే వీలు అక్కడుంది. ముందు చుట్టాల గదిలో దిగి, కండెలు చుట్టి, పోగులు అతికి, సాంచా మీద చెయ్యి తిరిగాక, అద్దె షెడ్డులో నాలుగు పాత షటిల్ సాంచాలు పెట్టుకుంటారు. జాబ్‌వర్క్‌లో నూలు వ్యాపారిది, గుడ్డా అతనిదే. నేయించినవాడికి మీటరు లెక్కన కూలి. నూలు ధర పడినా, రింగ్‌రోడ్డు మార్కెట్లో చీర మిగిలిపోయినా ఆ దెబ్బ మొదట తగిలేది వ్యాపారికి. తెలంగాణలోని సిరిసిల్లలో యజమానుల నూలు తెచ్చుకుని కూలికి నేయించే ఆసాములదీ దాదాపు ఇదే పద్ధతి కదా అనవచ్చు. నిజమే. కానీ సూరత్‌లో ఒక సేఠ్ పని ఆపితే పక్క వీధిలో ఇంకొకరుంటారు. సిరిసిల్ల 2017 నుంచి బతుకమ్మ చీరల సర్కారు ఆర్డరు మీద ఆనుకుంది. 2024లో ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోయాయి.

గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెడుతున్నానని ఎవరైనా అంటే కాదనలేను. ఎక్కువమంది ఇప్పటికీ పన్నెండు గంటల షిఫ్టులోనే ఉన్నారు. సాంచా ఆడితేనే కూలి. చిన్న యజమాని తప్పించుకున్న నష్టంలో కొంత ఈ కార్మికుడి మీదికే జారింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది నగరం వదిలారు. 2016లో నోట్ల రద్దు, మరుసటి ఏడు జీఎస్టీ మీద వ్యాపారుల సమ్మె వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లోనైతే ఊళ్లకు పంపమంటూ కార్మికులు రోడ్డెక్కారు. పని ఆగిన ప్రతిసారీ, నాలుగు నెలలు కూర్చుని తినగలిగినవాడు వేచి చూశాడు, మిగిలినవాడు మూట కట్టాడు. ఇద్దరి ధైర్యంలో తేడా ఉందని ఎవరైనా చెప్పగలరా? చేతిలో ఉన్న నిల్వలోనే తేడా. అందుకే ఈ అభ్యంతరం నా వాదనను కొట్టెయ్యదు. కింది మెట్టు మీద ఉన్నవాడికి పీఎఫ్, ఆరోగ్య బీమా ఎందుకు కావాలో చెబుతుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. కూలిని యజమాని దాకా ఎక్కించిన ఆ మెట్లే అరిగిపోతున్నాయి. వాటర్‌జెట్, రేపియర్ యంత్రాలు వచ్చాక పాత షటిల్ సాంచా పోటీకి నిలవడం కష్టం. కొత్త యంత్రం కూలిలో మిగుల్చుకున్న డబ్బుతో కొనేది కాదు. మరి అలాంటి మెట్లు సొంత గడ్డ మీదైనా ఉన్నాయా? సూరత్, భివండీ, షోలాపూర్‌లకు వలసపోయినవాళ్లను వెనక్కి రప్పిస్తామంటూ 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. కిటెక్స్, యంగ్‌వన్ లాంటి పెద్ద కంపెనీలు వచ్చాయి. వాటిలో పని చాలామందికి కావలసిందే, ముఖ్యంగా ఊళ్లోనే ఉండాలనుకునే ఆడపిల్లలకు. అయితే లింబాయత్‌లో నాలుగు సాంచాలు నడిపే మనిషి జీతానికి కుదరడం కోసం సంసారం ఎత్తుకుని రాడు. అతను అడిగేవి వేరు: నెల అద్దెకు చిన్న షెడ్డు ఉందా, పాత యంత్రం కొనడానికి బ్యాంకు అప్పిస్తుందా, నూలిచ్చే వ్యాపారులు కనీసం పదిమందైనా ఉన్నారా, అద్దకం మిల్లు ఎంత దూరం.