పురాణమున్న మగ్గం, పురాణం లేని చాట: సిరిసిల్ల ప్రాంత పద్మశాలీల శ్రమభావన

మతవిశ్వాసం ఆర్థిక ప్రవర్తనను మలుస్తుందన్న చర్చకు మాక్స్ వెబర్ 1904-05లో ప్రొటెస్టంట్ నీతిపై ప్రకటించిన వ్యాసాలు మూలం. వృత్తి మారితే ఆచారభ్రష్టత కలుగుతుందని భావించే కులవ్యవస్థ నుంచి సాంకేతిక విప్లవం పుట్టజాలదని హిందూమతంపై రాసిన గ్రంథంలో ఆయన అన్నాడు. పుట్టకపోవచ్చు. కాని వచ్చిన యంత్రాన్ని స్వీకరించడానికి విశ్వాసం అడ్డుపడిందా అన్నది వేరే ప్రశ్న. దానికి సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పద్మశాలీల జీవితంలో సమాధానం వెతకవచ్చు.

పద్మశాలీల కులపురాణం ప్రకారం మార్కండేయుని కుమారుడైన భావనాఋషి తామరతూడుల నారతో దేవతలకు వస్త్రం నేశాడు. సూర్యపుత్రిక భద్రావతిని పెండ్లాడాడు. వీరి ఆశ్రితకులమైన కూనపులివారు చిత్రించిన పటం ఆధారంగా ఈ కథను గానం చేస్తారు. దేవతల మానం కాపాడినవాని సంతతి తామన్న భావన నేతకు కూలిని మించిన గౌరవాన్నిచ్చింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో చాకలివాడైన మడివాలు మాచయ్య కూడా మహాభక్తుడే. అయితే ఒక భేదముంది. వీరశైవుల కాయకభావన ఏ వృత్తినైనా పవిత్రం చేయగలదు; కులపురాణం ఒక్క వృత్తినే, ఒక్క వంశానికే పవిత్రం చేస్తుంది.

ఆ పవిత్రత పనిముట్టుకు అంటిపెట్టుకొని ఉండలేదు. చేతిమగ్గం పోయి సాంచె వచ్చింది, పత్తినూలు స్థానంలో పాలిస్టర్ వచ్చింది. షోలాపూర్‌కు, భివండీకి వలసపోయినవారు మార్కండేయుని ఆరాధనను వెంట తీసుకుపోయారు. ఈ మేరకు వెబర్ అంచనాను సవరించుకోవలసి ఉంటుంది. కాని నూలుధరను నిర్ణయించే శక్తి పురాణానికి లేదు. యజమాని ఇచ్చిన బీములను నడిపే ఆసామికి, అతని కింద పనిచేసే కార్మికునికి కులమూ దైవమూ ఒకటే కావచ్చు, రాబడి ఒకటి కాదు. సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు ఈ అంతరంలోనివే. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఉత్తర్వులు కొంతకాలం పని కల్పించాయి; అది ప్రభుత్వం కొన్న సరుకు, విశ్వాసం తెచ్చిన మార్కెట్ కాదు.

ఇంతవరకు చెప్పినదంతా ప్రధానంగా పురుషుని శ్రమ. ఈ మూడు పట్టణాల్లోనూ అవే ఇళ్లలో స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడతారు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చుకొని, చేసిన బీడీల లెక్కన కూలి తీసుకుంటారు. సాంచెలు ఆగిన నెలల్లో ఇంటికి ఆధారం ఆ కూలే. కులపురాణానికి ఈ పని తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. అయినా పరిశోధకులమైన మనం కూడా పద్మశాలీల వృత్తిసంస్కృతి అనగానే మగ్గం వైపే చూస్తున్నాం. 'కులవృత్తి' అన్న మాటను నేతకే ఉంచి, బీడీని 'పని' అంటున్నాం. కూనపులివారి పటం మీద బొమ్మలను చదివిన శ్రద్ధతో ఆ చాట చుట్టూ సాగే మాటలను, పాటలను సేకరించినప్పుడే ఈ ప్రాంత శ్రమభావనలో రెండవ సగం మనకు తెలుస్తుంది.