పాత ఫోనుకు కొత్త ఊపిరి.. తొందరపడితే ముప్పు

సుల్తాన్‌బజార్‌: ఎలక్ట్రానిక్‌ సామగ్రికి పేరొందిన కోఠి గుజరాతీ గల్లీ, సెల్‌ఫోన్లకు పేరుపడ్డ ఆబిడ్స్‌ జగదీశ్‌ మార్కెట్‌.. పాత ఫోను చేతబట్టుకుని వచ్చేవారికి చిరపరిచితాలు. ఫోను చక్కగా పనిచేస్తున్నా, తయారీ సంస్థ అప్‌డేట్లు నిలిపివేస్తే అందులోని భద్రతా లోపాలు అలాగే మిగిలిపోతాయి. అటువంటి ఫోనులో సంస్థ సాఫ్ట్‌వేర్‌ను తొలగించి వేరొక ఫర్మ్‌వేర్‌ ఎక్కించుకోవడం ఒక మార్గం. 2016 డిసెంబరులో సయనోజెన్‌మోడ్‌ మూతపడ్డాక దాని స్థానంలో వచ్చిన లీనియేజ్‌ ఓఎస్‌ వీటిలో ప్రసిద్ధమైనది. ఇది ఉచితం. అయితే జాగ్రత్త లోపిస్తే ఉన్న ఫోను కూడా పనికిరాకుండా పోతుంది.

ముందే తేల్చుకోవాలి

ఫోను ఆన్‌ చేయగానే ఏ సాఫ్ట్‌వేర్‌ను నడవనివ్వాలో నిర్ణయించేది బూట్‌లోడర్‌. కొత్త ఫర్మ్‌వేర్‌ ఎక్కించాలంటే దాని తాళం తీయాలి. అందుకు కొన్ని సంస్థలు అనుమతించవు. తాళం తీస్తే ఫొటోలు సహా ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది. వారంటీ వర్తించకపోవచ్చు. కొన్ని బ్యాంకు, చెల్లింపుల యాప్‌లు ఆ తర్వాత పనిచేయవు. కాబట్టి నిత్యం లావాదేవీలు జరిపే ఏకైక ఫోనుపై ఈ ప్రయోగం తగదు.

ఇలా చేయాలి

* సమాచారాన్ని ముందుగా కంప్యూటరులో భద్రపరచుకోవాలి.
* సెట్టింగ్స్‌లో మోడల్‌ సంఖ్య చూడాలి. పేరొక్కటే అయినా సంఖ్య వేరైతే లోపలి భాగాలు వేరుగా ఉండవచ్చు. ఒకదాని ఫర్మ్‌వేర్‌ మరొకదానికి ఎక్కిస్తే ఫోను తెరుచుకోకపోవచ్చు.
* ఫైలును అధికారిక వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి. అక్కడ ఇచ్చిన షా-256 సంఖ్యతో సరిపోల్చాలి.
* వెనక్కి మళ్లేందుకు వీలుగా సంస్థ అసలు ఫర్మ్‌వేర్‌నూ దగ్గర ఉంచుకోవాలి.
* బ్యాటరీ నిండుగా ఉండాలి. ఎక్కిస్తుండగా కేబుల్‌ కదపరాదు. కరెంటు పోయినా ఆగని ల్యాప్‌టాప్‌ మేలు.
* కొత్త ఫర్మ్‌వేర్‌ ఉండగా బూట్‌లోడర్‌కు మళ్లీ తాళం వేస్తే చాలా ఫోన్లు మొరాయిస్తాయి.

కొనేవారూ గమనించాలి

సెకండ్‌హ్యాండ్‌ ఫోను కొనేముందు ఒకసారి ఆపి, ఆన్‌ చేసి చూడాలి. బూట్‌లోడర్‌ తాళం తీసి ఉంటే చాలా ఫోన్లలో తెరపై హెచ్చరిక కనిపిస్తుంది. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ సంఖ్యను కేంద్ర ప్రభుత్వ సంచార్‌ సాథీ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. ఫర్మ్‌వేర్‌ మార్పు పేరిట ఎవరైనా ఐఎంఈఐ మారుస్తామంటే అంగీకరించరాదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అది నేరం. మూడేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.